కొల్లేటి ఒడ్డున నీలమెక్కని కాగితాలు

మీ ఇంట్లో మీకంటే బాగా చూడగల మనిషి ఒకరున్నారని తెలిసిన రోజున మీరేం చేశారు?

సంతోషించానని చెప్పకండి. నేనూ ఆ మాటే చెప్పాను. చెప్పిన మర్నాడు పొద్దున్న వంటింట్లో ఎవరూ లేకుండా చూసి, వేలెడంత తెల్ల కాగితం ముక్కలు కొన్ని పొయ్యిలో వేసి, అవి బూడిదయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. రుజువు లేనిదే ఏదీ నమ్మవద్దని ఊరంతా వినేలా గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆ ముక్కలే రుజువు.

ఇది పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. ఏలూరు హైస్కూల్లో తెలుగూ చరిత్రా చెప్పేవాణ్ణి. ఆదివారం సాయంత్రాలు చర్చా సంఘంలో మాట్లాడేవాణ్ణి. శకునాల మీద, జాతకాల మీద, ఆడవాళ్ళకు చదువెందుకనే వాళ్ళ మీద. ఆలుమగలు ఒకరి పేరు ఒకరు పలకకూడదనే ఆచారం మీద అయితే నా ఉపన్యాసానికి హాలు నిండేది. పెళ్ళయ్యాక నా భార్యకు అక్షరాలు దిద్దించింది నేనేనని ప్రతి ఉపన్యాసంలోనూ ఎక్కడో ఒకచోట చెప్పేవాణ్ణి. ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చుని ఆమె ఆ మాట ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

ఒక మాఘమాసంలో ఆ సంఘానికి పురాణం చెప్పే పండితుడొకాయన వచ్చారు. నెమ్మదైన మనిషి, నెమ్మదైన గొంతు. తెల్లవారుజాము గాలిలో ఓజోను అనే వాయువు నిండి ఉంటుందనీ, అందుకే పెద్దలు ఆ వేళ స్నానం పెట్టారనీ, హోమం పొగలోనూ అదే పుడుతుందనీ, ఈ సంగతి దొరలే ఒప్పుకున్నారనీ చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"ఓజోను ఉండేది మీ పొగలో కాదండీ! పట్టపగలు, విశాలమైన నీళ్ళ మీద. మన కొల్లేటి గాలిలో ఉన్నంత ఓజోను ఈ జిల్లాలో ఇంకెక్కడా ఉండదు. వేసవి వెళ్ళేలోగా కాగితం మీద చూపిస్తాను" అన్నాను.

"చూపించండి. మా హోమగుండం దగ్గర కూడా ఆ కాగితం కట్టుకోండి. మాకేం అభ్యంతరం లేదండీ" అన్నారాయన.

చప్పట్లు నాకే పడ్డాయి. నిజానికి అప్పటికి నేను ఓజోను కాగితం కంటితో చూడలేదు. సముద్రపు గాలిలో ఓజోను ఎక్కువని ఇంగ్లీషు పుస్తకంలో ఒక వాక్యం చదివాను, అంతే. ఆవేశంలో కొల్లేటిని సముద్రం చేసేశాను.

మర్నాడు మా స్కూలు సైన్సు మాస్టారి దగ్గరకు పరిగెత్తాను. ఆయనది తాడేపల్లిగూడెం. నాకంటే చాలా చిన్నవాడు. ఏలూరులో గది తీసుకుని ఉండి, శనివారం బండికి ఇంటికి వెళ్ళి సోమవారం పొద్దున్న దిగేవాడు. సంగతి విని నవ్వాడు.

"ప్రాణవాయువులో పరమాణువులు రెండేసి జతగా ఉంటాయి మాస్టారూ. ఓజోనులో మూడు. ఆ మూడోది కుదురుగా ఉండదు. ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది, పట్టుకుని తానే ఖర్చయిపోతుంది. అచ్చం మీలాగే. ఎదురైనవాళ్ళతో తగువు పడందే ఉండలేదు."

"నేను ఖర్చయిపోలేదు కదా?"

"ఇంకా వేసవి ఉంది కదండీ" అన్నాడు.

పద్ధతి తేలికే. పొటాషియం అయొడైడు అనే ఉప్పు కలిపిన గంజిలో కాగితం ముంచి, చీకట్లో ఆరబెట్టి, ముక్కలు కోసి, ఎండ తగలని చోట మూడు నాలుగు గంటలు గాలికి వేలాడదీయాలి. తరవాత నీళ్ళలో ముంచితే, ఆ గాలిలో ఓజోను ఉన్నకొద్దీ నీలం తేలుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఉప్పు ఆసుపత్రి కాంపౌండరు దగ్గర దొరికింది. గంజే కుదరలేదు. స్కూల్లో మేమిద్దరం కాచిన గంజి ఉండలు కట్టి కాగితం మీద చుక్కలు చుక్కలుగా నిలిచింది. మూడోసారి కూడా చెడిపోయాక మా ఇంటికి తెచ్చాం. మా ఆవిడ ఆ గిన్నెలోకి చూసి దాన్ని పక్కకు నెట్టింది. పాతబియ్యం కడిగి, గంజి వార్చి, పైనున్న తెట్టు తీసేసి, పాత పంచెలో రెండుసార్లు వడగట్టి ఇచ్చింది. కాగితం మీద అది పాలమీగడలా సమంగా పరుచుకుంది.

"అక్కయ్యగారూ, ఇకమీదట గంజి మీదేనండీ" అన్నాడు మాస్టారు.

నేనూ నవ్వాను. గంజి కాయడం ఆడవాళ్ళ పనే కదా అనుకున్నాను. పరిశీలనల కోసం కుట్టించిన నోటుబుక్కు అట్టమీద, ఒక్క కాగితం కూడా కట్టకముందే, 'పరిశీలకుడు' అని రాసి పక్కన నా పేరు రాసుకున్నాను.

మొదటి కాగితాలు మా పెరట్లో కట్టాం. తెల్లవారకముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి. రంగు కొలవడానికి మాస్టారు సిరా పలచన చేసి పది అంతస్తులుగా ఒక పట్టీ తయారు చేశాడు. రెండో రోజు మధ్యాహ్నపు కాగితం తడిపి పట్టీ పక్కన పెట్టాం. ఆరో అంతస్తు అన్నాను నేను. నాలుగు అన్నాడాయన. వాదించుకుంటున్నాం. నూతి దగ్గర నుంచి బిందెతో వస్తున్న మా ఆవిడ ఆగి ఒక్క చూపు చూసింది.

"అది వంగపువ్వు రంగండీ. నిన్నటిది శంఖుపువ్వు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు నిన్నటి ముక్క తీసి పక్కన పెట్టాడు. తేడా ఉంది. నాకు రెండూ నీలమే.

ఆ రోజు నుంచి సిరా పట్టీ మూలపడింది. తెలుపు, వంగపువ్వు, శంఖుపువ్వు, నేరేడుపండు. ఈ నాలుగూ, వాటి మధ్య మెట్లూ. అదీ మా కొలత. మాస్టారు గుమ్మంలో అడుగు పెడుతూనే "అక్కయ్యగారూ, ఇవాళ ఏం పూసిందండీ?" అని కేకేసేవాడు. నేను ఎదురుగా పడక్కుర్చీలోనే ఉండేవాణ్ణి.

నాది మామూలు మగవాడి అనుమానం అయినా బాగుండేది. దాని మీద నేను వ్యాసాలు రాశాను. దానికి మందు నా దగ్గరే ఉంది. ఇది అది కాదు. ఆ కుర్రవాడి చూపు ఆమె ముఖం మీద ఉండేది కాదు, ఆమె చేతిలోని కాగితం మీద ఉండేది. ఆమె చూపూ అక్కడే. ఇద్దరూ కలిసి ఒకదాన్ని చూస్తున్నారు, నాకది కనబడటం లేదు. అంతకంటే ఘోరం, నేను అక్షరాలు దిద్దించిన చెయ్యి నేను దిద్దించనిది చదువుతోంది. నోటుబుక్కులో రంగులు ఇప్పుడు ఆమె గుండ్రని అక్షరాల్లోనే ఎక్కేవి. ఆమె 'శంఖుపువ్వుకు కాస్త తక్కువ' అని రాస్తే, నేను వెనకాల వెళ్ళి 'శంఖుపువ్వు' అని దిద్దేవాణ్ణి.

నెల తిరిగేసరికి మూడు చోట్ల కాగితాలు వేలాడుతున్నాయి. ఏలూరులో మా పెరడు. తాడేపల్లిగూడెంలో మాస్టారి ఇంటి వసారా. మూడోది కొల్లేటి ఒడ్డున ఒక బెస్త మనిషి చూరు కింద. ఆవిడ బజారులో చేపలమ్మి, తిరిగి వెళ్ళేటప్పుడు మా వీధిలో విస్తళ్ళకు తామరాకులు వేసేది. మా ఆవిడ ఆమెకు కాగితాలు పొడుం డబ్బాలో పెట్టి ఇచ్చి, ఎప్పుడు కట్టాలో ఎప్పుడు విప్పాలో పొద్దు చూపించి చెప్పింది. ఆమె ఒక్కరోజు తప్పలేదు. పండితుడుగారి హోమగుండం దగ్గరా ఫాల్గుణం ఆఖరుదాకా కట్టాం.

తెల్లవారుజాము కాగితం ఎప్పుడూ దాదాపు తెలుపే. మధ్యాహ్నపుది ఎప్పుడూ నీలమే. హోమం పొగలో కట్టింది సున్నంలా తెల్లగా వచ్చింది. నేను గంతులేశాను. పండితుడుగారి రెండు మాటలూ కొట్టుకుపోయాయి.

"ఎందుకలా అవుతుందంటారు అక్కయ్యగారూ?" అన్నాడు మాస్టారు, నన్ను వదిలేసి.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. "పంక్తి లాంటిదనుకుంటానండీ. పగలు గాలి కలిసి పైనుంచి కిందికి వస్తూనే ఉంటుందన్నారు కదా మీరు. అంటే వడ్డించేవాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. కింద పొగా, ఆకులూ, మట్టీ, ఇవన్నీ తినేవాళ్ళు. రాత్రి గాలి కదలదు, వడ్డించేవాళ్ళు వెళ్ళిపోతారు. తినేవాళ్ళు మాత్రం లేవరు. తెల్లారేసరికి విస్తరి ఖాళీ."

మాస్టారు జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు. పాతికేళ్ళుగా మాటలతోనే బతుకుతున్నాను, అంత మంచి మాట నాకెప్పుడూ తట్టలేదు.

ఫాల్గుణం వెళ్ళేసరికి చిక్కొచ్చింది. అంతదాకా నీలంగా వచ్చిన కొల్లేటి కాగితాలు ఒక్కొక్క మెట్టే దిగి తెల్లబడ్డాయి. జిల్లాకంతకీ ఎక్కువ ఓజోను అక్కడేనని నేను నిండు సభలో చెప్పాను.

"ఆ మనిషి సరిగ్గా కట్టడం లేదు" అన్నాను.

"వెళ్ళి చూద్దామండీ" అంది మా ఆవిడ.

మాస్టారు ఆ శనివారం తన ఇంటికి వెళ్ళకుండా ఆగాడు. ఆదివారం పొద్దున్నే ముగ్గురం బండి కట్టించుకుని వెళ్ళాం. నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయాయి. నల్లటి బురద ఎండకు బీటలు వారుతోంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మా కాగితం చూరు కింద, చెప్పినచోటే, చెప్పినట్టే ఉంది.

"నా కట్టుడు తప్పంటన్నారా పంతులుగారూ?" అందా బెస్త మనిషి, నా ముఖం చూసి. "మా ఆయన వలకైనా ముడి తప్పుద్దేమో గానీ నా ముడి తప్పదండీ."

"నీ ముడి కాదులేమ్మా, గాలి సంగతి" అన్నాడు మాస్టారు.

"గాలి సంగతి నన్నడగాల గానీ కాగితాన్ని అడుగుతారేటండీ?" అని ఆమె కాలు ముందుకు చాచింది. వెండి కడియం బొగ్గులా ఉంది. "నీళ్ళు లాగేసినప్పుడల్లా ఇంతేనండి. చింతపండేసి తోమితే తెల్లబడుద్ది, రెండ్రోజులకి మళ్ళీ ఇదే రంగు. ఇక్కడ ఏ ఆడమనిషి కాలైనా సూడండి."

మా ఆవిడ ఆ కడియం వైపు చూసింది. తన సంచీలోంచి మా పెరటి కాగితం, నేరేడుపండు రంగుది, తీసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని బురద అంచు దాకా వెళ్ళి, పుల్లతో కెలికి, బుడగలు లేచే చోట ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. మేం ఒడ్డున నిలబడ్డాం. కాసేపటికి ఆమె లేచి వచ్చి అరచెయ్యి చాపింది. కాగితం వెలిసిపోయింది.

"ఇక్కడ లేకపోవడం కాదండీ" అంది, నా వైపు చూస్తూ. "వచ్చిందాన్ని ఈ బురదలోది ఏదో తినేస్తోంది. వెండిని నల్లచేసేదే దీన్నీ తినేస్తోంది."

"హైడ్రోజన్ సల్ఫైడు! ఈ వాసన దానిదే!" అని మాస్టారు కేక పెట్టాడు. "అక్కయ్యగారూ, సభలో చదవబోయే మన వ్యాసానికి ఇదే ప్రాణం! పుట్టడం గురించి అందరూ రాస్తారు, పోవడం గురించి మీరు పట్టుకున్నారు."

"చాలా సంతోషం" అన్నాను నేను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. తిరుగు బండిలో దారిపొడుగునా వాళ్ళిద్దరూ కడియాల గురించే మాట్లాడుకున్నారు. నేను ఎద్దుల వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ పొయ్యి. కొల్లేటి తెల్ల కాగితాలన్నీ అందులో పడ్డాయి. నోటుబుక్కులో ఆ రోజులన్నిటికీ ఎదురుగా 'గంజి పులిసినందున కాగితాలు చెడినవి' అని రాశాను. స్కూల్లో మాస్టారికీ అదే చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూసి, "అక్కయ్యగారి గంజా?" అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కొత్త కాగితాలకు గంజి కావాలన్నాను.

"పులిసిందని రాశారుగా" అంది మా ఆవిడ. గొంతులో కోపం లేదు. "పులవని గంజి ఎలా కాస్తారో నాకు తెలీదండీ. మీరు కాచి చూపించండి."

కాగితాలు అంతటితో ఆగిపోయాయి.

వైశాఖంలో సభ జరిగింది. హాలు కిటికీల్లో కూడా మనుషులు నిలబడ్డారు. నేను వ్యాసం చదివాను. తెల్లవారుజాము తెలుపు, మధ్యాహ్నం నీలం, హోమం దగ్గర తెలుపు. వడ్డించేవాళ్ళూ తినేవాళ్ళూ అనే పోలిక కూడా చదివాను, నాదే అన్నట్టు. చప్పట్లు పడింది ఆ ఒక్కచోటే. మళ్ళీ చెప్పండి అని వెనక నుంచి అరిచారు. మళ్ళీ చెప్పాను. ఆడవాళ్ళ బెంచీ వైపు చూడలేదు.

పండితుడుగారు లేచారు. "చాలా బాగా చెప్పారండీ. కొల్లేటి కాగితాలు చూపిస్తామన్నారు. అవీ?"

"అవి చెడిపోయాయండీ. గంజి పులిసింది."

"అయ్యో. ఆ రోజుల్లోనేనాండీ మా హోమం దగ్గర కట్టింది?"

"అవును."

"అదే గంజేనాండీ?"

ఆయన ఎక్కడికి తీసుకెళుతున్నాడో అప్పటికి తెలిసింది. అవునన్నాను. నోటుబుక్కు ఆయన ఎదుటే ఉంది.

"మరి పులిసిన గంజి కొల్లేటి దగ్గర చెడి, మా ఇంటి దగ్గర మాత్రం నిజం చెప్పిందాండీ?" అన్నారు, అంతే నెమ్మదిగా.

హాలు పగలబడి నవ్వింది. జవాబు ఉంది. ఆ రోజుల్లోనే అదే గంజి కాగితం మా పెరట్లో మధ్యాహ్నం నేరేడుపండులా నీలమెక్కింది. గంజి మంచిదే. కనక హోమం దగ్గర తెలుపూ నిజమే, కొల్లేటి దగ్గర తెలుపూ నిజమే. ఒకచోట పొగ తింది, ఇంకోచోట బురద తింది. కానీ ఆ జవాబు చెప్పాలంటే గంజి పులియలేదని చెప్పాలి. కొల్లేటి గురించి నేను చెప్పింది తప్పని చెప్పాలి. ఎవరు కనిపెట్టారో చెప్పాలి. వ్యాసం మడిచి కూర్చున్నాను. పండితుడుగారు గెలిచారు. తెల్లవారుజామున ఓజోను నిండి ఉంటుందని ఏలూరులో ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆ నమ్మకం ఇచ్చింది ఆయన కాదు, నేను.

జట్కాలో ఇంటికి వస్తుంటే మా ఆవిడ ఒళ్ళోంచి పొడుం డబ్బా తీసింది. మూత తీసి నా అరచేతిలో వంచింది. కాగితం సగాలు. ఒక్కొక్కదాని వెనక తేదీ, చోటు, ఆమె గుండ్రని అక్షరాల్లో.

"గంజి పెట్టేముందు చీర మూల ఒకటి ముంచి చూస్తాం కదండీ. వీటిల్నీ అలాగే సగం కోసి, సగమే తడిపేదాన్ని. మీరు కాల్చింది ఆ తడిపిన సగాలు."

"తెచ్చావా? హాల్లో నీ దగ్గరే ఉన్నాయా?"

"ఒళ్ళోనే ఉన్నాయండీ. ఒక్కసారి ఇటు తిరుగుతారేమోనని చూశాను."

ఇల్లు చేరేదాకా వాటిని ఒక్కొక్కటే తిప్పి తేదీలు చదువుతూ కూర్చున్నాను.

ఆ సంవత్సరమే మాస్టారు ఆ సగాలన్నీ తడిపించి, రంగులన్నీ ఆమెతో చెప్పించి, ఒక మాసపత్రికకు వ్యాసం పంపాడు. అచ్చయింది. కింద ఇద్దరి పేర్లు, ఆమెదీ ఆయనదీ. చివర చిన్నక్షరాల్లో, పెరడు వాడుకోనిచ్చినందుకు నాకు కృతజ్ఞతలు. ఆ తరవాత నేనెన్ని పుస్తకాలు అచ్చేసినా ఆ చిన్నక్షరాల మంట నాకు తగ్గలేదు. ఆ సంచిక ఎవరైనా మా ఇంటికొచ్చి తిరగేస్తే ఈనాటికీ నా చెవులు వేడెక్కుతాయి. అసూయ పోయిందని చెప్పను. పోలేదు.

పత్రిక వచ్చిన రోజున నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పెట్టి, "అట్టమీద నీ పేరు రాయి" అన్నాను.

"రాసినవాళ్ళే మార్చాలండీ" అంది.

కలం తీశాను. నా పేరు కొట్టేశాను. తరవాత చెయ్యి ఆగిపోయింది. ఆలుమగలు పేర్లు పలకకూడదనే మూఢాచారం మీద అన్ని ఉపన్యాసాలిచ్చిన నేను, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె పేరులోని మూడక్షరాలు ఒక్కసారీ పలకలేదు, ఎక్కడా రాయలేదు. 'ఇదిగో' అనే పిలిచాను. మొదటి అక్షరం రాసేసరికి కలం చివర సిరా ఆరిపోయింది. ఆమె సిరాబుడ్డి నా వైపు జరిపింది. రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఉండవలసినచోట ఉంది.

మీ బల్లమీద కూడా ఏదో ఒక కాగితం ఉండే ఉంటుంది. లెక్కో, వ్యాసమో, ఉపన్యాసమో. దానిమీద మీ పేరుంటుంది. అందులో ఉన్నది నిజంగా చూసిందెవరో మీకు తెలుసు. లేవండి. మీ పేరు కొట్టేయండి. ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, వచ్చి ఎదురుగా నిలబడ్డాక, వాళ్ళు చూస్తుండగా ఆ పేరు రాయండి. ఇవాళే రాయండి.